నీళ్ళు పండేదాకా ఆగండి

మా పెరటి తొట్టిలో నేను మొదటిసారి వదిలిన చేపపిల్లలు నలభై. పదో రోజుకి ఒక్కటీ మిగల్లేదు.

తొట్టి 500 లీటర్లది. పక్కన ఇటుకల దిమ్మె మీద కంకర నింపిన మడి. తొట్టిలోంచి మడికి నీళ్ళు తోడే చిన్న పంపు, మడిలోంచి తిరిగి తొట్టిలోకి జారే గొట్టం. అన్నీ నా చేతులతోనే బిగించుకున్నాను. నీళ్ళు నింపిన మూడో రోజే బంగారు తీగ పిల్లలు తెచ్చి వదిలాను. రోజుకి మూడుసార్లు మేత వేస్తుంటే, అవి ఎగబడి తింటుంటే, ఇంటిల్లిపాదీ చుట్టూ చేరి చూసేవాళ్ళం. నీళ్ళు అద్దంలా ఉండేవి. అయిదో రోజున మేత తినడం తగ్గించాయి. ఎనిమిదో రోజు తెల్లవారుజామున వెళ్ళి చూస్తే అన్నీ పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయి. గాలి చాలడం లేదనుకుని ఇంకో గాలి మోటారు తెచ్చి పెట్టాను. రోగం అది కాదని అప్పటికి నాకు తెలియదు.

మా మేనమామ కైకలూరు వైపు చెరువులు చేస్తాడు. ఫోన్ చేసి జరిగింది చెప్పాను.

"నీళ్ళు పెట్టిన ఎన్నాళ్ళకి పిల్ల వదిలావురా?"

"మూడో రోజున, మావయ్యా."

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "మేం చెరువు ఎండగట్టి, సున్నం చల్లి, నీళ్ళు పెట్టి, పేడ వేసి, నీళ్ళు రంగు తిరిగేదాకా పిల్ల తేము. నువ్వు పచ్చి నీళ్ళలో వదిలావు."

పచ్చి నీళ్ళు. ఆ మాట నాకు అంతకుముందు తెలియదు. చేపల నీళ్ళతో కూరలు పండించే ఈ ఆక్వాపోనిక్స్ మీద నేను చదివిన వాటిలో గొట్టాల కొలతలున్నాయి, పంపుల లెక్కలున్నాయి. గొట్టాల పని రెండు ఆదివారాల్లో అయిపోతుంది. ఆ తర్వాత నలభై రోజులు ఖాళీ తొట్టి పక్కన ఓపిగ్గా కూర్చోవడమే అసలు పని. ఈ అధ్యాయంలో ఎక్కువ భాగం ఆ నలభై రోజుల గురించే రాస్తున్నాను.

ముందు ఈ పద్ధతిలో ఏం జరుగుతుందో చెబుతాను. వేసవిలో చెరువు ఎండాక అడుగునున్న ఒండ్రు మట్టిని బండ్లకెత్తి పొలాలకి తోలడం మన తాతలకి తెలిసిన పనే. చేపలు విసర్జించింది, ఆకులు కుళ్ళింది, అంతా ఆ మట్టిలో ఉంటుంది. అది వేసిన చేను వేరేగా పండుతుంది. ఆక్వాపోనిక్స్ చేసేదీ అదే. కాకపోతే ఏడాదికోసారి బండ్లతో చేసిన పనిని పంపు గంటకోసారి చేస్తుంది. ఈ పద్ధతిని శాస్త్రంగా నిలబెట్టిన వాళ్ళలో వర్జిన్ ఐలాండ్స్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన జేమ్స్ రకోసీ ముఖ్యుడు. పెరళ్ళలోకి తెచ్చిన వాళ్ళలో అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రపు రైతు దంపతులు టామ్, పౌలా స్పెరేనియో ముందుంటారు. మన పెరట్లో కంకర మడి వాళ్ళు 1990ల్లో నడిపిన పద్ధతికి వారసురాలే.

చేప తిన్న మేతలో మాంసకృత్తులు కొంత కండగా మారతాయి. మిగిలిన నత్రజనిని చేప ఎక్కువగా మొప్పల ద్వారా అమ్మోనియాగా నీళ్ళలోకి వదిలేస్తుంది. అమ్మోనియా చేపకి విషం. నైట్రోసోమోనాస్ జాతి బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే. అది రక్తంలో చేరి ప్రాణవాయువుని మోసే శక్తిని దెబ్బతీస్తుంది, మొప్పలు గోధుమరంగుకి తిరుగుతాయి. నైట్రోస్పైరా లాంటి మరో రకం బాక్టీరియా దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్‌ని చేపలు బాగానే భరిస్తాయి, మొక్కలకి అది అన్నం. ఈ రెండు రకాల బాక్టీరియా కంకర రాళ్ళ మీద పల్చటి పొరలా కాపురం పెట్టడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నీళ్ళు పండటమంటే అదే.

నా నలభై పిల్లల చావుని ఇప్పుడు లెక్క కట్టి చూపించగలను. మాంసకృత్తులు నూటికి 32 వంతులున్న మేత 100 గ్రాములు తింటే చేపలు దాదాపు 3 గ్రాముల అమ్మోనియా వదులుతాయి. నేను రోజుకి 40 గ్రాములకి తక్కువ కాకుండా వేశాను. అంటే 1.2 గ్రాములు. 500 లీటర్ల నీళ్ళలో అది లీటరుకి 2.4 మిల్లీగ్రాములు, అదీ ప్రతిరోజూ. తినేవాళ్ళు లేని వంటలా అది రోజురోజుకీ పేరుకుపోయింది. పైగా మా బోరు నీటి పీహెచ్ 8. నీళ్ళు 30 డిగ్రీల వేడిలో ఉన్నప్పుడు పీహెచ్ 7 అయితే మొత్తం అమ్మోనియాలో విషరూపంలో ఉండేది నూటికి ఒక వంతు లోపే. పీహెచ్ 8కి చేరితే అది ఏడు వంతులు దాటుతుంది. నీళ్ళు అద్దంలా కనబడటానికీ, ఆ నీళ్ళలో చేప బతకడానికీ సంబంధం లేదు. కంటితో చూసి నీళ్ళని నమ్మకండి.

తొట్టి, కంకర, నీళ్ళు

మొదటి తొట్టికి 500 లీటర్లు చాలు. అంతకన్నా చిన్నది వద్దు. నీళ్ళు తక్కువైనకొద్దీ చిన్న పొరపాటు కూడా పెద్దదవుతుంది. ఇనుప చట్రంలో వచ్చే 1000 లీటర్ల తెల్ల ప్లాస్టిక్ ట్యాంకులు పాత సామాను దగ్గర దొరుకుతాయి. పైభాగం కోసి మడిగా, కింది భాగం తొట్టిగా వాడుకోవచ్చు. అందులో ఇంతకుముందు ఏం పోశారో కచ్చితంగా తెలిస్తేనే కొనండి. రసాయనాలు నిలవ చేసిన ట్యాంకుని ఎన్నిసార్లు కడిగినా నేను నమ్మను.

మేడ మీద పెడదామనుకునే వాళ్ళు ఒక్క నిమిషం ఆగండి. 500 లీటర్ల నీళ్ళు అర టన్ను. 300 లీటర్ల కంకర ఇంకో అర టన్నుకి దగ్గర. ఈ బరువు స్లాబు మీద ఒకే చోట పడుతుంది. ఇంజినీరు చూసి సరేనంటే తప్ప నేలమీదే పెట్టుకోండి. ఉదయం ఎండ తగిలి, మధ్యాహ్నం నీడ పడే చోటు అయితే ఇంకా మంచిది. చెట్టు కింద మాత్రం వద్దు, ఆకులు రాలి తొట్టిలో కుళ్ళుతాయి.

మడి లోతు అడుగు, అంటే 30 సెంటీమీటర్లు. చదరపు మీటరు మడి చాలు. అందులో 12 నుంచి 20 ఎంఎం కంకర నింపాలి. ఇక్కడ ఒక చిన్న పరీక్ష ఉంది. గుప్పెడు కంకర గిన్నెలో వేసి మీద వెనిగర్ పోయండి. బుసబుసా నురగ వస్తే అది సున్నపురాయి. పల్నాడు, తాండూరు ప్రాంతాల్లో ఆ రాయి ఎక్కువ. అది నీళ్ళలో కరుగుతూ పీహెచ్‌ని పైకి లాగుతూనే ఉంటుంది. నల్లరాయి కంకర అయితే బెంగ లేదు. బూడిద రంగు దుమ్ము పోయి నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగండి. అలా కడగడానికి నాకు ఒక పూటంతా పట్టింది.

పంపు గురించి పెద్దగా చెప్పేది లేదు. గంటలో తొట్టిలో ఉన్నన్ని నీళ్ళు మడి ఎత్తుకి తోడగలిగితే చాలు. మడి నిండి దానంతటదే ఖాళీ అయ్యే సైఫన్ ఏర్పాట్లు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి గానీ, కొత్తవాళ్ళకి టైమరే మేలు. పావుగంట పంపు నడవాలి, ముప్పావుగంట ఆగాలి. నీళ్ళు దిగినప్పుడు వేళ్ళకీ బాక్టీరియాకీ గాలి అందుతుంది. మడిలో పై రెండు అంగుళాల కంకర ఎప్పుడూ పొడిగా ఉండేలా పొంగు గొట్టం ఎత్తు పెట్టుకోండి. నాచు పట్టదు, దోమలు గుడ్లు పెట్టవు. గాలి మోటారు మాత్రం బ్యాటరీతో నడిచేది ఒకటి తప్పనిసరి. కరెంటు పోయిన రాత్రి చేపలకి అదే ఊపిరి.

నీళ్ళ విషయంలో మనకి ఊరికో కథ. మున్సిపల్ నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది. అది చేపనీ చంపుతుంది, బాక్టీరియానీ చంపుతుంది. రెండు రోజులు గాలి ఆడేలా వదిలేస్తే చాలావరకు పోతుంది. బోరు నీళ్ళలో గాలి తక్కువ, ఉప్పు ఎక్కువ. సముద్రం దగ్గరి ఊళ్ళలో బోరు నీళ్ళతో చేపలు బతికినా కూరమొక్కలు మాడిపోవచ్చు. అక్కడ వాన నీళ్ళు పట్టి కలుపుకోవాలి. భీమవరం, ఆకివీడు, కైకలూరు లాంటి చోట్ల రైతుల కోసం ఆక్వా ల్యాబులున్నాయి. ఒక సీసా నీళ్ళు తీసుకెళితే పీహెచ్, ఉప్పు, క్షారత చెబుతారు. రోజూ చూసుకోవడానికి మాత్రం ఎవరైనా అక్వేరియం దుకాణంలో చుక్కల కిట్ కొనుక్కోవాలి. అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్, పీహెచ్, ఈ నాలుగూ చూసే కిట్ కావాలి. డబ్బు చాలకపోతే ఇంకేదైనా తగ్గించుకోండి. కిట్ లేకుండా మొదలుపెట్టకండి.

నలభై రోజులు

తొట్టి నింపి, పంపు నడిపి, గుప్పెడు చేప మేతని పల్చటి గుడ్డలో మూటగట్టి నీళ్ళలో వేలాడదీయండి. అది కుళ్ళి అమ్మోనియా పుడుతుంది. ఎవరింట్లోనైనా ఆరోగ్యంగా నడుస్తున్న అక్వేరియం ఉంటే, దాని ఫిల్టరు స్పాంజిని మీ తొట్టి నీళ్ళలో ఒకసారి పిండించుకోండి. పాలకి తోడు వేసినట్టే. తోడు లేకపోయినా బాక్టీరియా గాల్లోంచీ నీళ్ళలోంచీ ఎలాగైనా వస్తుంది, ఆలస్యమవుతుందంతే. ఊరి చెరువు నీళ్ళు మాత్రం తేవద్దు. వాటితో చేప పేలూ, నత్తలూ కూడా వస్తాయి.

ఇక రోజూ ఒక వేళ పెట్టుకుని నీళ్ళు పరీక్షించండి. అంకెలు వంటింటి క్యాలెండర్ మీద రాయండి. ఫోన్‌లో వద్దు. గోడ మీద ఇంట్లో అందరికీ కనబడాలి. మొదటి వారం అమ్మోనియా ఎక్కుతుంది. లీటరుకి 2 మిల్లీగ్రాములు దాటుతుంది, 3 దాటుతుంది. 4 దాటితే మూట తీసేసి రెండు రోజులు ఆగండి. రెండో వారం చివర్లోనో మూడో వారంలోనో ఒక ఉదయం నైట్రైట్ చుక్కలు మొదటిసారి రంగు చూపిస్తాయి. అదే రోజుల్లో అమ్మోనియా దిగడం మొదలవుతుంది. అంటే మొదటి రకం బాక్టీరియా చేరింది. ఇక్కడే చాలామంది పొరబడతారు. అమ్మోనియా సున్నా అయింది కదా అని చేపలు తెస్తారు. నైట్రైట్ అప్పుడు కొండెక్కి కూర్చుని ఉంటుంది. అది కూడా దిగి, నైట్రేట్ కనబడి, కొత్తగా మేత మూట వేలాడదీశాక వరుసగా మూడు రోజులు అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపిస్తేనే నీళ్ళు పండినట్టు. మన వాతావరణంలో ఇది నెల రోజుల్లో కావచ్చు, చలికాలంలో రెండు నెలలు పట్టొచ్చు.

ఈ రోజుల్లో మీ ఓపికకి పరీక్ష పెట్టేది నీళ్ళకన్నా మనుషులు. పిల్లలు రోజూ "చేపలెప్పుడు?" అంటారు. పక్కింటివాళ్ళు గోడ మీంచి చూసి "ఇంకా ఖాళీయేనా అండీ?" అంటారు. కుళ్ళు వాసన వస్తోందని ఇంట్లో విసుక్కుంటారు. ఖాళీ తొట్టి ముందు నిలబడ్డ మనిషికి, ఏమీ జరగడం లేదనిపిస్తుంది. అందుకే అంకెలు గోడ మీద రాయమన్నాను. రెండోసారి మొదలుపెట్టినప్పుడు పదిహేడో రోజున మా అమ్మాయి స్కూలు బ్యాగు భుజాన వేసుకుని క్యాలెండర్ దగ్గర ఆగి, "నాన్నా, అమ్మోనియా నిన్న మూడు, ఇవాళ రెండే!" అని అరిచింది. ఆ పూట నుంచి మా ఇంట్లో ఎవరూ చేపలెప్పుడని అడగలేదు. అంకె మారడం చూస్తున్న మనిషి ఆగగలడు. ఊరికే ఆగమంటే ఎవరూ ఆగలేరు.

దుకాణాల్లో బాక్టీరియా సీసాలు అమ్ముతారు. చెరువుల కోసం అమ్మే ప్రోబయోటిక్ పొడుల్లో చాలావాటిలో ఉండేది బాసిల్లస్ రకం. అది అడుగు బురదని కుళ్ళబెట్టే పని చేస్తుంది, అమ్మోనియాని నైట్రేట్ చేసే పని దానిది కాదు. ఏ సీసా పోసినా కిట్ సున్నా చూపేదాకా చేపలు తేవద్దు.

పుదీనా కొమ్మలు, తీగబచ్చలి మాత్రం మూడో వారంలోనే మడిలో గుచ్చవచ్చు. కొన్నాళ్ళు పాలిపోయి ఉంటాయి. నైట్రేట్ పుట్టాక తేరుకుంటాయి.

పిల్ల వదిలే రోజు

ఏ చేప అన్నది అందరూ మొదట అడిగే ప్రశ్న. కొరమీను అందరికీ ఇష్టం, తెలంగాణ రాష్ట్ర చేప కూడా. అది పైకొచ్చి గాలి పీల్చుకోగలదు కాబట్టి కరెంటు పోయినా తట్టుకుంటుంది. కానీ తోటి పిల్లల్ని తింటుంది, తొట్టిలోంచి ఎగిరి బయటపడుతుంది, ఖరీదైన మేత అడుగుతుంది. మొదటి ఏడాదికి వద్దు. జిలేబి చేప, అంటే తిలాపియా, ప్రపంచమంతా ఆక్వాపోనిక్స్‌లో వాడేదే. మన దేశంలో దాన్ని పెంచాలంటే మత్స్యశాఖ అనుమతి కావాలి. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంపకం నిషేధం, ఎవరు ఎంత మంచిగా చెప్పినా తీసుకోకండి. బొచ్చె, రవ్వ చెరువు చేపలు, తొట్టిలో ఇమడవు. నా సలహా బంగారు తీగ, లేదా దాని రంగుల రకమైన కోయి. రెండూ మొండివి, కొత్తవాళ్ళ తప్పుల్ని కొంత క్షమిస్తాయి.

500 లీటర్లకి పదిహేను పిల్లలు చాలు. నలభై తెచ్చిన మనిషిగా చెబుతున్నాను. పెరిగాక తొట్టిలో మొత్తం బరువు అయిదు కిలోలు దాటకూడదు. సంచిని తొట్టి నీళ్ళలో పావుగంట తేలనిచ్చి, కొంచెం కొంచెంగా తొట్టి నీళ్ళు సంచిలోకి పోసి, అప్పుడు పిల్లల్ని మాత్రం వదలండి. ఆ రోజు మేత వేయకండి. మర్నాటి నుంచి అయిదు నిమిషాల్లో తినగలిగినంతే వేయండి. మిగిలితే వలతో తీసేయండి. పిల్లలప్పుడు ఒంటి బరువులో నూటికి మూడు నుంచి అయిదు వంతులు, పెద్దయ్యాక ఒకటి రెండు వంతులు. ఆకుకూరల మడి చదరపు మీటరుకి రోజుకి 40, 50 గ్రాముల మేత నుంచి వచ్చే ఎరువుని పీల్చుకోగలదు. అంతకు మించి వేస్తే అది చేపకీ చేరదు, కూరకీ చేరదు. మబ్బు పట్టిన రోజు మేత తగ్గించడం చెరువు రైతులకి అలవాటు. పెరట్లో కూడా చేపలు చురుగ్గా లేని పూట మేత డబ్బా మూసేయండి. చేప ఒక రోజు పస్తుంటే చావదు.

కూరల్లో తోటకూర, గోంగూర, బచ్చలి, పుదీనా మొదట వేయండి. పుదీనా వేళ్ళు గొట్టంలో దూరకుండా నెలకోసారి కత్తిరించాలి. టమాటా, మిరప, వంగ తర్వాత, చేపలు పెద్దవై మేత పెరిగాక. లేత ఆకులు పసుపై ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము లోపం. చేపల మేతలో ఇనుము మొక్కలకి చాలినంత ఉండదు, డీటీపీఏ రకం చీలేటెడ్ ఐరన్ కొద్దిగా కలపాలి. నెలలు గడిచేకొద్దీ పీహెచ్ నెమ్మదిగా దిగుతుంది, బాక్టీరియా పనిచేస్తున్నందుకు అది గుర్తు. 6.5 దగ్గరికి వస్తే శుభ్రంగా కడిగిన ఆల్చిప్పల పొడి మూటగట్టి తొట్టిలో వేలాడదీయండి. పురుగు పడితే చేత్తో ఏరండి, పసుపు జిగురు అట్టలు కట్టండి. వేపనూనె మంచిదని మనకి నమ్మకం. మట్టిలో మంచిదే, తొట్టిలో పడితే చేపకి హాని. ఈ మడి మీద ఏ మందూ కొట్టడానికి వీల్లేదు. ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా విలువైనది కూడా అదే.

చౌక కూరల కోసం ఎవరూ ఇది మొదలుపెట్టకండి. మొదటి ఏడాది ఈ తోటకూర కట్ట బజారు కట్టకన్నా ఖరీదే పడుతుంది. ఏ మందూ తగలని ఆకు, తన చేతుల మీద పెరిగిన చేప కావాలనుకున్న వాళ్ళకి ఇది.

వేసవి గురించి ఒక్క మాట. నీళ్ళు వేడెక్కితే వాటిలో ప్రాణవాయువు తగ్గుతుంది. 20 డిగ్రీల్లో లీటరుకి 9 మిల్లీగ్రాముల దాకా పట్టే నీళ్ళు 30 డిగ్రీల్లో ఏడున్నరకి మించి పట్టవు. చేపకి 5 కన్నా తగ్గకూడదు. మన ఏప్రిల్, మే ఎండల్లో తొట్టి మీద షేడ్ నెట్ కట్టాల్సిందే, రాత్రింబవళ్ళు గాలి మోటారు నడవాల్సిందే. ఆ నెట్ కొంగల నుంచీ, లకుముకి పిట్టల నుంచీ, పిల్లుల నుంచీ కూడా కాపాడుతుంది. ఎండల్లో కొత్తగా మొదలుపెట్టకండి. ఆషాఢంలో నీళ్ళు పోస్తే, క్యాలెండర్ మీద అంకెలు నిండుతూ శ్రావణం వస్తుంది. పిల్ల వదలడానికి అది మంచి సమయం.

రెండోసారి నేను వదిలిన పదిహేనులో పద్నాలుగు బతికాయి. మీరు మాత్రం మొదటిసారే బతికించండి. తొట్టి కొనకముందే రేపు ఉదయం మీ బోరు నీళ్ళు ఒక సీసాలో పట్టి, పీహెచ్, ఉప్పు చూపించుకు రండి.